అడవి చార్జి అప్పగింత

సర్కారీ కొలువులో పని తక్కువ చేసేవాణ్ని ముప్ఫై ఏళ్లయినా ఎవరూ పట్టుకోలేరు. ఎక్కువ చేసేవాడు మాత్రం ఏదో ఒకనాడు దొరికిపోతాడు. జోడుమెట్ట అడవి దొరికింది అలాగే. అదైనా చాటుమాటుగా కాదు. వన దినోత్సవం సభలో, పూలదండలూ బిస్కెట్ ప్యాకెట్లూ సాక్షిగా, సొంత రేంజరు నోటి మీదుగానే దొరికిపోయింది.

రేంజరు వీరభద్రం దగ్గర ఒక ఉపన్యాసం ఉంది. పదకొండేళ్లుగా ఏటా అదే చదువుతున్నాడు. కాగితం మడతల దగ్గర చిరిగితే బీటు ఆఫీసరు తవిటయ్య వెనకనుంచి టేపు అంటించి పెట్టాడు. తవిటయ్యకి ఆ అడవిలో పంతొమ్మిదేళ్ల సర్వీసు. పైనుంచి వచ్చిన ఏ కాగితానికీ ఎదురుమాట అనని మనిషి కాబట్టి ఏ రేంజరు వచ్చినా అతన్ని బదిలీ చేయనిచ్చేవాడు కాదు. అడవిలో ఏ మాను ఎక్కడుందో, ఏ ఊట ఏ నెలలో సన్నబడుతుందో అతనికి తెలుసు. తెలిసిందేదీ పైవాళ్లకి చెప్పే అలవాటు మాత్రం లేదు. అడిగితే చెబుదామనుకునేవాడు, ఎవరూ అడగలేదు.

ఆ రోజు కూడా వీరభద్రం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "అడవి వానల్ని పిలుస్తుంది. పడిన నీటిని దాచి ఏడాది పొడుగునా ఊటలుగా వదులుతుంది. గాలిని వడగడుతుంది. ఎండని చల్లారుస్తుంది. మందిస్తుంది, తిండి ఇస్తుంది, పశువులకి మేత ఇస్తుంది. తేనెటీగల్ని సాకి కింద పొలాల్లో పంట నిలబెడుతుంది. కొండ మీది మట్టి జారిపోకుండా వేళ్లతో పట్టుకుంటుంది. అడవి లేకపోతే మనిషి లేడు, ఈ భూగోళమే లేదు!"

మామూలుగా ఈ చోట చప్పట్లు కొట్టి టీలకు లేస్తారు. ఆ ఏడు ముఖ్య అతిథి లేవలేదు. ఆయన విధుల హేతుబద్ధీకరణ సంఘం ప్రత్యేకాధికారి ఉమాకాంతం గారు. ఒకరి పని ఇంకొకరు చేస్తున్న చోట్లు కనిపెట్టి, ఎవరి పని వాళ్లకి అప్పగించడానికి పుట్టిన సంఘం అది. అప్పటికే ఒక ఆఫీసులో గుమాస్తా టపా పంచుతున్నాడని, ఇంకో ఆఫీసులో టపా పంచేవాడు ఫైళ్లు రాస్తున్నాడని పట్టుకుని, రెండుచోట్లా పని ఆగిపోయేలా సరిదిద్దిన ఘనత ఆయనది. ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ ఆయన చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నారు. వన దినోత్సవం ఉపన్యాసాన్ని ఒక మనిషి శ్రద్ధగా వినడం ఆ జిల్లాలో అదే మొదలు.

"రేంజరు గారూ, ఇప్పుడు మీరు చదివినది స్తోత్రమా, వాంగ్మూలమా?" అని అడిగారాయన.

వీరభద్రం నవ్వాడు. ఆయన నవ్వలేదని చూసి ఆపాడు.

"నేను గణించినంతలో ఇందు పదకొండు శాఖల విధులున్నవి. వీటిని ఈ అడవి ఎవరి ఉత్తర్వుల మేరకు నిర్వర్తించుచున్నది? నియామక పత్రమేది? అర్హతలేవి?"

"అదీ... ఎప్పట్నుంచో చేస్తోందండి."

"ఎప్పటినుంచో అనుటచే అపరాధము పెరుగును గాని తరగదు. పైపెచ్చు మీ వాంగ్మూలములో భూగోళము అను మాట యున్నది. మన జిల్లా అడవి పొరుగు జిల్లాలకు, ఆ మాటకొస్తే పరాయి దేశములకు సైతము గాలి శుభ్రపరచి పంపుచున్నదన్నమాట. అధికార పరిధి అనునది దీనికి తెలియదా?"

వీరభద్రం తవిటయ్య వైపు చూశాడు. తవిటయ్య బిస్కెట్ ప్యాకెట్ల వైపు చూశాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. జోడుమెట్ట రిజర్వు అడవి వారికి తెలియజేయునది ఏమనగా, మీరు పదకొండు శాఖలకు చెందిన విధులను అనధికారముగా నిర్వర్తించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది గావున, దీనికి మీ సమాధానమును పదిహేను దినములలో సమర్పించవలెను. నోటీసు అందినట్టు రసీదు తీసుకోవాలి, లేదంటే ప్రముఖమైన చోట అంటించాలి. తవిటయ్య మైదాపిండి జిగురు పట్టుకెళ్లి దారి పక్కనున్న నల్లమద్ది మానుకి అంటించాడు. అంతకంటే ప్రముఖమైన మాను ఆ చుట్టుపక్కల లేదు.

గుమ్మిగుడ బుద్రి అప్పుడే అడ్డాకుల మోపుతో దిగుతోంది. కొండ కింద పారే గెడ్డ ఒడ్డున ఇరవై రెండు గడపల ఊరు గుమ్మిగుడ. ఆ ఊరి ఆడవాళ్లలో బుద్రి నోటికి సంత వర్తకులు కూడా జంకుతారు. ఆమె మోపు దించి జిగురు డబ్బా కేసి, మాను కేసి చూసింది.

"ఏటి బాబూ, మానుకి కాయితం అంటిస్తన్నావు?"

"నోటీసు, అప్పా. పదకొండు శాఖల పని ఎందుకు సేత్తన్నావో పదైదు దినాల్లో సెప్పమని."

"ఎవుల్ని?"

"అడివిని."

బుద్రి మానుని కింద నుంచి పైదాకా చూసింది. "దానికి సదువొచ్చేటి?"

"సదివి వినిపించమన్నారు. సదివాను."

"ఏటంది మరి?"

"ఏటీ అన్నేదు."

పదిహేను రోజులూ అడవి ఏమీ అనలేదు. ఆ గడువులో ఓ వాన కురిపించింది, ఇప్పపూలు రాల్చింది, అంటే అనధికార చర్యలు కొనసాగించింది. సమాధానం రాలేదు కాబట్టి ఆరోపణలు అంగీకరించినట్టేనని, స్థల విచారణ జరపాలని ఉత్తర్వు వచ్చింది.

విచారణకు పదకొండు శాఖల ప్రతినిధులు ఆరు జీపుల్లో వచ్చారు. దారి అయిపోయిన చోట దిగి, చెప్పుల్లో పడ్డ ముళ్లని తిడుతూ ఎక్కారు. తవిటయ్య ముందు నడిచి దారి చూపించాడు. నీటి శాఖ ఆయన ఊట దగ్గర కూర్చుని చాలాసేపు చూసి, దీనికి కుళాయి లేదు, మూత లేదు, ఇరవై నాలుగు గంటలూ వదిలేస్తోంది అన్నాడు. తమ శాఖ ప్రమాణం ప్రకారం రోజు విడిచి రోజు గంటసేపు మాత్రమే ఇవ్వాలట. వైద్య శాఖ ఆయన బుద్రి చేతిలోని వేరు లాక్కుని వాసన చూసి, దీని మీద గడువు తేదీ లేదు కాబట్టి ఇది మందు కాదన్నాడు. మొక్కల పెంపకం ఆయనకి గబ్బిలాల మీద కోపం వచ్చింది. ఇప్పకాయలు తిని గింజలు ఎక్కడపడితే అక్కడ పారేస్తున్నాయట, గుంతకీ గుంతకీ మధ్య దూరం పాటించడం లేదట. గాలి నాణ్యత చూసే ఆవిడ యంత్రం తెరిచి, గాలి అనుమతించిన దానికంటే శుభ్రంగా ఉందని, యంత్రం చెడిపోయిందేమోనని మూసేసింది.

మధ్యాహ్నమైంది. అందరూ నల్లమద్ది నీడలో కూర్చున్నారు. అడ్డాకు విస్తళ్లలో భోజనం చేశారు. బుద్రి మొగుడు గాసి ఆనపబుర్రతో ఊటనీళ్లు తెచ్చి అందరికీ పోశాడు. అతను నవ్వితే పళ్లకంటే చిగుళ్లే ఎక్కువ కనిపించే ముసలాడు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో అని నీటి శాఖ ఆయనే రెండుసార్లు పోయించుకున్నాడు. ఉమాకాంతం గారు చల్లగాలికి కాసేపు కునుకు కూడా తీశారు. లేచాక ఆ కునుకును కూడా నేర నిరూపణ కింద రాయించారు.

తరవాత పంపకం జరిగింది. ఊట నీటి శాఖకి, వేళ్లూ ఆకులూ వైద్య శాఖకి, నీడ భవనాల శాఖకి, పిట్టల కూతలు సాంస్కృతిక శాఖకి, ఇలా ఒక్కొక్కటీ ఎవరిది వాళ్లు తీసుకున్నారు. చివరికి జాబితాలో ఒకటి మిగిలింది. పన్నెండోది. కొండ మట్టి జారకుండా పట్టుకొనుట.

"ఇది ఎవరిది?" అన్నారు ఉమాకాంతం గారు.

రోడ్ల శాఖ ఆయన వెంటనే చేతులు అడ్డం పెట్టాడు. "మట్టి రోడ్డు మీద పడిన తరువాత తొలగించుట మా విధి. పడకముందు దానితో మాకు సంబంధము లేదు."

విపత్తుల శాఖ ఆయన ఇంకా నిక్కచ్చి మనిషి. "విపత్తు సంభవించిన పిమ్మట మాత్రమే మా శాఖ రంగప్రవేశము చేయును. సంభవించకముందే ఆపినచో మాకు విపత్తేది? అది మా విధులలో జోక్యమగును."

వ్యవసాయం వాళ్లు చదునైన మట్టి మాత్రమే తమదన్నారు. గనుల వాళ్లు తవ్వడమే గాని పట్టుకోవడం తమకు తెలియదన్నారు. అందరూ జీపుల కేసి చూస్తున్నారు. అప్పుడు ఉమాకాంతం గారి చూపు విస్తళ్లు ఏరుతున్న తవిటయ్య మీద పడింది.

"ఈయనెవరు?"

"మా బీటు ఆఫీసరండి," అన్నాడు వీరభద్రం.

"తగిన ఏర్పాటు జరుగు వరకు సదరు విధిని పూర్తి అదనపు బాధ్యతగా వీరికి అప్పగించడమైనది."

అలా మూడు వేల ఎకరాల కొండని జారకుండా పట్టుకునే పని తవిటయ్యకి వచ్చింది. ఎడం చేతిలో విస్తళ్లు ఉండటంవల్ల కుడిచేత్తో సలాం చేశాడు.

చార్జి అప్పగింత అంటే మాటలు కాదు. కుర్చీ వదిలేవాడూ కూర్చునేవాడూ ఇద్దరూ సంతకాలు పెడితేగాని సర్కారులో సూది కూడా చేతులు మారదు. పదకొండు పత్రాలు, ఒక్కోదానికి మూడు ప్రతులు. 'స్వీకరించువారు' అన్న చోట శాఖల వాళ్లు చకచకా పెట్టేశారు. 'అప్పగించువారు' అన్న చోట చిక్కొచ్చింది. అడవికి సంతకం లేదు, వేలిముద్ర లేదు. ఆకు అద్ది ముద్ర వేయించవచ్చునా అని ఎవరో అడిగితే, ఏ చెట్టు ఆకు వేసినా మిగతా చెట్లు రేపు కోర్టుకెళతాయని ఉమాకాంతం గారు కొట్టిపారేశారు. అడవికి సంరక్షకుడు ఎవరు? బీటు ఆఫీసరు. కాబట్టి అడవి తరఫున బీటు ఆఫీసరు పెట్టాలి.

దారి దగ్గరికి దిగొచ్చి జీపు బానెట్ మీద కాగితాలు పరిచారు. బుద్రి ఆ పక్కనే నిలబడి ఉంది.

"ఏటది బాబూ?"

"అడివి ఇంక ఆ పన్లు సెయ్యక్కర్లేదు అప్పా. ఆళ్లు సేత్తారంట."

"ఆళ్లా?" బుద్రి జీపు నీడలో ఒదిగి కూచున్న పదకొండు మందినీ చూసింది. కొండెక్కి దిగిన ఆయాసం వాళ్లకి ఇంకా తీరలేదు. "ఆళ్లు కొండెక్కనేకపోతన్నారు గదా. నువ్వు పెట్టకు బాబూ. నీకు తెల్దా ఏటి?"

తవిటయ్యకి తెలుసు. ఆ కొండ మీద మట్టి ఎంత మందమో, దాని కింద నున్నటి బండ ఎలా వాలుగా ఉందో, వేళ్లు ఆ బండ పగుళ్లలోకి దిగి ఎలా కరుచుకున్నాయో పంతొమ్మిదేళ్లు చూశాడు. ఆ వాలు సరిగ్గా కిందనే గుమ్మిగుడ ఉందనీ తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు కూడా. రేంజరు పెన్ను మూత తీసి అందించాడు. తెరిచిన నోరు మూసుకుని ముప్ఫై మూడు చోట్ల సంతకం పెట్టాడు. మనవాడు పిరికివాడని వేరే చెప్పాలా? చెడ్డవాడైతే కాస్త బేరమైనా ఆడేవాడు.

పనులన్నీ అప్పగించేశాక అడవి ఖాళీ అయింది. ఖాళీగా ఉన్న సిబ్బందిని సంఘం ఎక్కడా ఉంచదు. మిగులు సిబ్బంది కింద లెక్క. వేరే చోటికి పంపుదామంటే మానులకు కదిలే అలవాటు లేదు. బదిలీ ఉత్తర్వును పాటించనందుకు అదో తప్పు. ఇక మిగిలింది తొలగింపే.

వీరభద్రానికి అప్పుడు కాస్త చెమట పట్టింది. పదకొండేళ్లుగా తను చదివిన మాటల్లో ఏదో అర్థం ఉందేమోనని మొదటిసారి అనుమానం వచ్చినట్టుంది. "సార్, చెట్లు కొట్టేస్తే..." అన్నాడు.

"వాటికి పనియేమైనా ఉన్నదా?"

"అంటే, మనమే తీసేసుకున్నాం కదండీ."

"మరి పని లేని వారిని నిలబెట్టి ఉంచుట ఏ నిబంధన కింద?"

వీరభద్రానికి ఆ నిబంధన దొరకలేదు. కొట్టడం కూడా పద్ధతిగానే జరిగింది. ముందు సీనియారిటీ జాబితా తయారైంది. చివర వచ్చినవాళ్లు ముందు పోవాలి కాబట్టి మొలకల్ని పీకారు, తరవాత మొక్కల్ని, ఆ తరవాత నడివయసు మానుల్ని. నల్లమద్ది అందరికంటే సీనియరు. దానికి పూలదండ వేసి, శాలువా కప్పి, ఉమాకాంతం గారు దాని సేవల్ని కొనియాడాక కొట్టారు. పడుతున్నప్పుడు అది చేసిన చప్పుడుకి గుమ్మిగుడలో పొయ్యిల మీద కుండలు కదిలాయని బుద్రి చెప్పింది. తవిటయ్య ఆ రోజు సెలవు పెట్టాడు. కడుపునొప్పి అని రాశాడు.

శాఖలు తమ పనులు మొదలెట్టాయి. భవనాల శాఖ బోడి కొండ మీద ఆకుపచ్చ రేకుల షెడ్డు ఒకటి వేసి, 'నీడ: ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు, ఆదివారం సెలవు' అని బోర్డు పెట్టింది. ఆ రేకుల కింద కూచున్నవాడెవడూ పావుగంట ఓర్చుకోలేకపోయాడు. సాంస్కృతిక శాఖ ఒక గొట్టం మైకులో పిట్టల కూతలు వేసేది. ఊట మూడో నెలకే ఎండిపోయింది. నీటి శాఖ ట్యాంకరు దారి ఆగిన చోటిదాకా వచ్చి, ఎవరైనా వస్తారేమోనని హారన్ కొట్టి వెళ్లిపోయేది. వానల పని తీసుకున్న శాఖ సకాలంలో వర్షాలు కురియగలవని ప్రకటన ఇచ్చి, ఆ ప్రకటన ఇవ్వడంతో తన విధి తీరిందని ఫైలు కట్టేసింది.

గుమ్మిగుడకి ఆకు లేదు, తేనె లేదు, పుల్ల లేదు. బుద్రి రెండు కోసులు నడిచి నీళ్లు తెచ్చేది. దారిలో తవిటయ్య కనిపిస్తే ఆగేది.

"నువ్వేటి సేత్తన్నావు బాబూ? కొండని పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను అప్పా," అనేవాడు తల వంచుకుని.

నిజానికి అతను ఊరుకోలేదు. నల్లమద్ది పడిన మర్నాడే, వాలు మీద గడ్డయినా నాటనివ్వండి, గట్లు కట్టడానికి మనుషుల్నివ్వండి అని అర్జీ పెట్టాడు. జవాబుగా ఒక రిజిస్టరు పంపారు. అట్ట మీద 'కొండ స్థితిగతులు' అని అచ్చేసి ఉంది. లోపల తేదీ, సమయం, ఆపైన రెండు గడులు: కదిలినది, కదలలేదు. రోజూ పొద్దున్న పదింటికి ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. తవిటయ్య రోజూ కొండ మీదకి వెళ్లి, ఓ బండ మీద కూచుని, 'కదలలేదు' లో టిక్కు పెట్టి దిగొచ్చేవాడు. కొన్నాళ్లకి అతనికే నమ్మకం కుదిరింది. ఇన్ని టిక్కులు పడ్డాక కొండ మాత్రం ఎక్కడికి పోతుందిలే అనిపించేది.

మరుసటేడు శ్రావణంలో ముసురు పట్టింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. ప్రకటన ఇచ్చిన శాఖ వాళ్లు తమ ప్రకటన ఫలించిందని ఒకళ్లనొకళ్లు అభినందించుకున్నారట. నాలుగో రోజు పొద్దున తవిటయ్య గొడుగూ రిజిస్టరూ పట్టుకుని ఎక్కాడు. ఎక్కుతుంటే కాళ్ల కింద నేల నానిన రొట్టెలా మెత్తగా ఉంది. తను రోజూ కూచునే బండకి ఇవతలగా నేల మీద చీలిక కనిపించింది. చెయ్యి పట్టేంత వెడల్పు. చూస్తుండగా చెయ్యీ మోచెయ్యీ పట్టేంత అయింది. లోపల్నుంచి చిన్న చిన్న వేళ్లు తెగుతున్నట్టు టప్ టప్ మని చప్పుడు. కొట్టేసిన మానుల వేళ్లు అవి. కుళ్లిపోయి కూడా అంతదాకా పట్టుకునే ఉన్నాయి.

రిజిస్టరు వదిలేశాడు, గొడుగు వదిలేశాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ అరవనివాడు "బుద్రప్పా! ఒలే, బయటికి రండే! కొండొస్తంది! అందరూ గెడ్డ దాటీయండే!" అని గొంతు చించుకుంటూ పరిగెత్తాడు. రెండుసార్లు పడ్డాడు. బుద్రి అప్పటికే వాకిట్లో నిలబడి గెడ్డ వంక చూస్తోంది. పొద్దుట్నుంచీ గెడ్డ ఎర్రగా వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయిందట. పైన ఎక్కడో మట్టి జారి అడ్డం పడితేనే వానలో గెడ్డ ఆగుతుందని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరూ గడప గడపా కొట్టి జనాన్ని లేపారు. ముసలాళ్లని వీపున వేసుకున్నారు, పిల్లల్ని చంకనేసుకున్నారు. గంటలోపే ఇరవై రెండు గడపలూ ఖాళీ అయ్యాయి. అందరూ అవతలి గట్టు మీదకి చేరారు. తలలు లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు.

అప్పుడు గాసికి మేక గుర్తొచ్చింది. సూడి మేక, పాక వెనకాల కట్టేసి ఉంది. "కట్టు ఇప్పీసి ఒచ్చెత్తాను," అని చిగుళ్లు చూపించి నవ్వి, బుద్రి చొక్కా పట్టుకుంటే విడిపించుకుని వెళ్లాడు. మేక మాత్రం వచ్చింది. దాని వెనకాలే కొండ వచ్చింది. ఎంత సేపూ పట్టలేదు. ఉన్న చోట ఊరు లేదు, ఎర్రటి మట్టి ఉంది. దాని మీద ఆకుపచ్చ రేకొకటి తేలింది.

విపత్తుల శాఖ సరిగ్గా తన సమయానికి రంగప్రవేశం చేసింది. రోడ్ల శాఖ తన రోడ్డు మీద పడ్డ మట్టి మేరకు తొలగించింది. గాసి రోడ్డు మీద లేడు గనక గుమ్మిగుడ వాళ్లే మూడు రోజులు తవ్వుకున్నారు, తవిటయ్య కూడా తవ్వాడు. మిగిలిన ఇరవై రెండు కుటుంబాలకీ గెడ్డ అవతల సోంపమెట్ట కింద రేకుల షెడ్లు ఇచ్చారు. సోంపమెట్ట మీద అడవి ఇంకా ఉంది, అందుకని అక్కడ చల్లగా ఉంటుందని ఆ స్థలం ఎంచారు.

తొమ్మిదో రోజున తవిటయ్యకి సంఘం నుంచి మెమో వచ్చింది. షెడ్ల దగ్గరే అందింది. అతను అక్కడ షెడ్ల రేకులకి తాళ్లు బిగిస్తున్నాడు. బుద్రి దగ్గరకొచ్చి, "సర్కారు ఏటన్నాది బాబూ? సదువు," అంది.

తవిటయ్య చదివాడు. "విషయము: కొండ ముందస్తు అనుమతి లేకుండా తన స్థానము విడిచి వెళ్లుటను గురించి. జోడుమెట్ట కొండ పద్నాలుగవ తేదీ ఉదయము పదకొండు గంటల ఇరవై నిమిషములకు, పనివేళల యందు, ఎట్టి సెలవు చీటీ పెట్టక, సుమారు మూడు వందల గజములు స్థానభ్రంశము చెందినది. ఆ రోజు రిజిస్టరులో నమోదు సైతము లేదు. కొండను పట్టుకొను బాధ్యత మీదే గావున, మీ సంజాయిషీని ఏడు దినములలో సమర్పించవలెను."

మేక పక్కనే నెమరువేస్తోంది.

"కొండ దిగిపోతే కొండనడుగుతారేటి?"

"నన్నడుగుతారు అప్పా."

"మరి అడివిని పంపించీసినోడిని ఎవులడుగుతారు?"

ఇక్కడ తవిటయ్య ఉమాకాంతం గారి పేరు చెప్పొచ్చు. రేంజరు పేరు చెప్పొచ్చు. పదకొండు శాఖల పేర్లూ చెప్పొచ్చు. అవేవీ అబద్ధాలు కావు. కాని బుద్రి ఆ రోజు జీపు పక్కన నిలబడే ఉంది కదా. "దాని మీద సంతకం నాదే," అన్నాడు.

"అదే రాయి," అంది బుద్రి.

అదే రాశాడు. సర్వీసులో మొదటిసారి, సూచికలూ నిబంధనల నంబర్లూ లేకుండా ఒక కాగితం రాశాడు. 'అయ్యా, కొండను నేను పట్టుకోలేదు. నాకు రెండు చేతులే ఉన్నాయి. కొండను పట్టుకున్నవి మానుల వేళ్లు. అవి తెగితే గుమ్మిగుడ మీద పడుతుందని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా సంతకం పెట్టి అడవిని అప్పగించాను. వంతల గాసి చావుకి నేను కారకుణ్ని. నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే.' రాసి, ఉద్యోగం పోతుందని భార్యకి చెప్పి, రెండు జతల బట్టలు సంచిలో సర్దుకున్నాడు. జైలుకి తీసుకెళతారేమో అని కూడా అనుకున్నాడు. ఎందుకో ఆ ఆలోచన వస్తే కాస్త తేలిగ్గా ఉంది.

సంఘం నుంచి జవాబు నాలుగో రోజుకే వచ్చింది. అంత వేగంగా ఆ సంఘం ఎవరికీ రాయలేదు.

'మీ సంజాయిషీ పరిశీలించడమైనది. అప్పగింత పత్రములపై నున్న సంతకములు మీవేనని మీరు స్వయముగా అంగీకరించినందున, విధుల బదలాయింపు నిబంధనల ప్రకారము సక్రమముగా జరిగినట్లు నిర్ధారణయైనది. సంజాయిషీ సంతృప్తికరముగా నున్నది. ఫైలు మూసివేయడమైనది. అడవుల తరఫున సంతకము చేయుటలో అనుభవము గల సిబ్బంది కొరత దృష్ట్యా, సోంపమెట్ట అడవి చార్జి అప్పగింతకు కూడా మిమ్ములనే నియమించడమైనది. సోమవారము ఉదయము పదిన్నరకు స్థలము వద్ద సిద్ధముగా నుండవలెను.'

తవిటయ్య ఆ కాగితం పట్టుకుని షెడ్ల దగ్గరకి వెళ్లాడు. బుద్రి ముందు నిలబడి, ఈసారి అడక్కుండానే చదివి వినిపించాడు. ఆమె తలెత్తి షెడ్ల వెనకాల సోంపమెట్ట కేసి చూసింది.

"ఎప్పుడొస్తారన్నావు?"

"సోమారం."

బుద్రి లేచి చీర కుచ్చెళ్లు దోపుకుంది. పక్క షెడ్డు రేకు మీద అరచేత్తో దబదబా బాదింది. "లేవండే! మూటలు కట్టుకోండి. ఆదారం నాటికి ఇక్కడ ఎవులూ ఉండకూడదు," అని ఒక్కో షెడ్డూ బాదుకుంటూ వెళ్లింది. మేకని విప్పింది, కుండలు ఒకదాంట్లో ఒకటి దించింది, తవిటయ్య బిగించిన తాళ్లు కొడవలితో కోసి మూటలకి కట్టింది.

నువ్వు సంతకం పెడతావా అని ఆమె అతన్ని అడగలేదు. అడుగుతుందేమోనని తవిటయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.